ఉత్తరాలకు జవాబులు: చెరకు దీవి లెక్కలు

1986 నుంచి 1989 దాకా మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఒక బ్యాంకు శాఖలో పనిచేశానని పోయిన సంచికలో ఒక్క వాక్యం రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబిస్తున్నాను. మొదటి జవాబు పొడుగైంది, ఆ ప్రశ్న అలాంటిది.

ప్రశ్న: మా ఎకనామిక్స్ మేడం మారిషస్‌ను "ఆఫ్రికా అద్భుతం" అన్నారు. చూస్తే పాత తూర్పుగోదావరి జిల్లాలో ఐదో వంతు కూడా లేదు. గనుల్లేవు, నూనె లేదు. ఎలా బాగుపడింది సార్? అదృష్టమా, మంచి విధానాలా? — డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, తాళ్లరేవు

జవాబు: తల్లీ, తాళ్లరేవు నుంచి రాశావు గనక మీ పక్కనున్న కోరంగి నుంచే మొదలుపెడతాను. ఇప్పుడు జనం మడ అడవులు చూడటానికి వచ్చే ఆ ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల తెల్ల దొరలకు కూలీలు కావలసివచ్చారు. కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులతో పాటు మన కోరంగి నుంచీ ఓడలెక్కించారు. 1834 నుంచి 1920ల దాకా అక్కడికి చేరిన భారతీయ కూలీలు సుమారు నాలుగున్నర లక్షలు. నెలకు 5 రూపాయల జీతం, అయిదేళ్ల ఒప్పందం. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. అక్కడి తెలుగువాళ్లను ఇప్పటికీ కొందరు "కోరంగీలు" అంటారు. రేవు పేరే జాతి పేరైపోయింది.

ఇక నీ ప్రశ్న. 1960లో వరసగా రెండు తుపాన్లు ఆ దీవిని ఊడ్చేశాయి. రెండోదైన కారొల్‌ను అక్కడి ముసలివాళ్లు నా రోజుల్లో కూడా, మనవాళ్లు దివిసీమ ఉప్పెనను తలుచుకున్నట్టు తలుచుకునేవారు. దీవి భవిష్యత్తు ఏమిటో చెప్పమని ఆ రోజుల్లో బ్రిటిష్ పాలకులు జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్తను పిలిపించారు. తర్వాత 1977లో నోబెల్ అందుకున్నాయన. మలేరియా పోయాక జనాభా విపరీతంగా పెరుగుతోంది, ఎగుమతులన్నీ ఒక్క చక్కెర మీదే ఆధారపడ్డాయి, జాతుల మధ్య పోటీ ఉంది, కనుక ఇక్కడ శాంతియుతమైన అభివృద్ధికి అవకాశాలు తక్కువ అన్నాడాయన. ఆయన తప్పు చెప్పాడని అందరూ అంటారు. నేను అనను. జబ్బు సరిగ్గానే పట్టుకున్నాడు. చిన్న పరిశ్రమలు పెట్టమని మందు కూడా చెప్పాడు. ఆ మందు మింగడానికి ఒప్పుకునే రాజకీయం అక్కడ పుడుతుందని మాత్రం ఊహించలేకపోయాడు.

ఆ రాజకీయం ఎలాంటిదో చెప్పడానికి నా దగ్గరున్న మారిషస్ నోట్లు చాలు. మా అబ్బాయి పోయిన ఏడు తెచ్చిపెట్టాడు. ఇది రాస్తూ బల్ల మీద పరుచుకున్నాను. 25 రూపాయల నోటు మీద చైనా మూలాలున్న వ్యాపారి, మంత్రి మొయిలిన్ జాన్ ఆ-చ్యూన్. 50 మీద ఫ్రెంచి సంతతికి చెందిన మోరిస్ పాతురో. 100 మీద తమిళుడు రంగనాథన్ శ్రీనివాసన్. 200 మీద ముస్లింల నాయకుడు అబ్దుల్ రజాక్ మొహమ్మద్. 500 మీద హిందువుల్లో పేదల గొంతుగా నిలిచిన సుఖదేవ్ బిసూన్‌దయాల్. 1000 మీద, బానిసల సంతతి అయిన క్రియోల్‌ల నాయకుడు గయెతాన్ డ్యువాల్. 2000 మీద మొదటి ప్రధాని శివసాగర్ రామ్‌గులామ్.

వెయ్యి నోటు దగ్గర ఆగు. 1967 ఎన్నికల్లో ఆ డ్యువాల్ స్వాతంత్ర్యం వద్దని ప్రచారం చేశాడు. హిందువుల చేతికి దేశం పోతే మన గతేమిటని భయపడ్డ క్రియోల్‌లు, ఇంకా చాలామంది ఆయన వెంట నడిచారు. నూటికి 44 ఓట్లు అటే పడ్డాయి. ఇంచుమించు సగం దేశం స్వాతంత్ర్యం వద్దంది! 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో క్రియోల్‌లకూ ముస్లింలకూ మధ్య అల్లర్లు చెలరేగితే బ్రిటిష్ సైనికులు దిగాల్సి వచ్చింది. మార్చి 12న జెండా ఎగిరింది. గాంధీగారు దండికి బయల్దేరిన రోజని ఆ తేదీ ఎంచుకున్నారు. ఇలాంటి చోట గెలిచినవాడు ఓడినవాణ్ణి జైల్లో పెట్టడం మనం ఎన్ని దేశాల్లో చూడలేదు? రామ్‌గులామ్ 1969లో డ్యువాల్‌ను పిలిచి ప్రభుత్వంలో కూర్చోబెట్టి విదేశాంగ మంత్రిని చేశాడు. ఇప్పుడు ఇద్దరూ పక్కపక్క నోట్ల మీద ఉన్నారు.

అన్నీ సాఫీగా జరిగాయని అనుకోకు. 1971లో అత్యవసర పరిస్థితి పెట్టారు, నాయకుల్ని జైల్లో వేశారు, ఎన్నికలు 1976 దాకా వాయిదా వేశారు. అది మచ్చే. కానీ 1976లో పెట్టారు. 1982లో రామ్‌గులామ్ పార్టీ ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలకు 60 ఓడిపోయింది. ఆయన నోరెత్తకుండా దిగిపోయాడు, అనిరుద్ధ్ జగన్నాథ్ ప్రధాని అయ్యాడు. నేను వెళ్లేనాటికి రామ్‌గులామ్ పోయి కొన్ని నెలలే అయింది. ఆయన్ను ఓడించిన పార్టీకి ఓటేసినవాళ్లు కూడా ఆయన్ను "చాచా" అనే పిలుస్తుంటే విన్నాను.

ఇప్పుడు డబ్బు సంగతి. చెరకు తోటలూ మిల్లులూ ఫ్రెంచి సంతతి వాళ్లవి. జనాభాలో వాళ్లు నూటికి ఇద్దరు. ఓట్లు మనవాళ్లవి. తోటలు లాక్కోవచ్చు, లాక్కోలేదు. చక్కెర ఎగుమతి మీద పన్ను వేశారు. ఆ డబ్బుతో ఆసుపత్రులు నడిపారు, బియ్యం గోధుమపిండి చౌకగా ఇచ్చారు, ముసలివాళ్లకు పింఛను ఇచ్చారు. 1977 నుంచి హైస్కూలు చదువు కూడా ఉచితం చేశారు. తోట పోదన్న నమ్మకంతో దొరలు డబ్బు దేశం దాటించకుండా హోటళ్లలో, బట్టల ఫ్యాక్టరీల్లో పెట్టారు. నా దృష్టిలో మారిషస్ కథకు ఇరుసు ఇదే. ఒకరి ఆస్తి ఒకరు గుంజుకోలేదు, ఒకరి బిడ్డ చదువు ఒకరు ఆపలేదు.

బట్టల ఫ్యాక్టరీలంటే 1970లో చట్టం చేసి తెచ్చిన ఎగుమతి జోన్, అంటే విదేశాలకు అమ్మే సరుకు తయారుచేసే ఫ్యాక్టరీలకు పన్ను రాయితీలిచ్చే ఏర్పాటు. ఆ ఆలోచనకు ఊపిరి పోసినవాడు ప్రొఫెసర్ ఎదువార్ లిమ్ ఫాట్. సామాన్య జనానికి అది ఉత్త "జోన్". "మా అమ్మాయి జోన్‌లో పనిచేస్తోంది" అనేవారు. హాంకాంగ్ వ్యాపారులు అక్కడికి ఎందుకొచ్చారో నీ పరీక్షకు పనికొస్తుంది. అమెరికా, ఐరోపా దేశాలు ఏ దేశం నుంచి ఎంత బట్ట కొనాలో కోటాలు పెట్టాయి. హాంకాంగ్ కోటా నిండిపోయింది, మారిషస్ కోటా ఖాళీగా ఉంది. పైగా 1997లో హాంకాంగ్ చైనా చేతికి పోతుందన్న భయం ఒకటి.

జీతాల రోజు సాయంత్రం మా కౌంటరు ముందు ఆ అమ్మాయిలు బారులు తీరేవారు. స్వెటర్లకు దారప్పోగులు అంటుకుని ఉండేవి. మగవాళ్ల కంటే జీతం తక్కువ. వారానికి 10 గంటల దాకా ఓవర్‌టైం కాదనడానికి చట్టమే ఒప్పుకునేది కాదు. ఆ కష్టం చూశాను గనక "అద్భుతం" అనే మాట నా నోట రాదు. 1980ల చివరికి జోన్‌లో దాదాపు 90 వేలమంది పనిచేసేవారు, ఎక్కువమంది ఆడపిల్లలు.

1987లో ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని జాయింటు ఖాతా తెరవడానికి వచ్చింది. తల్లికి అరవై ఏళ్లుంటాయి, మాట్లాడేది అక్కడి క్రియోల్ భాష. ఆమెది వేలిముద్రే అనుకుని నేను ఇంకు ప్యాడు ముందుకు జరిపాను. ఆమె దాన్ని పక్కకు నెట్టేసి, కలం పట్టుకుని, నాలుగు తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే దిద్దింది. నాకు నోట మాట రాలేదు. తెలుగు వచ్చా అని తెలుగులో అడిగితే ఆమెకు అర్థం కాలేదు. మా క్లర్కు అడిగి చెప్పాడు. 1948 ఎన్నికల్లో మొదటిసారి, ఏదో ఒక భాషలో నాలుగు ముక్కలు చదివి రాయగలిగినవాళ్లకు ఓటు ఇచ్చారు. ఆ భాషల పట్టికలో తెలుగు కూడా ఉంది. తోటపని అయ్యాక రాత్రిపూట ఊరి బైఠకాలో, అంటే ఊళ్లోవాళ్లు నడుపుకునే రాత్రిబడిలో, ఓటు కోసం నేర్చుకుందట. ఆ ఒక్క మార్పుతో దేశంలో ఓటర్లు సుమారు 12 వేల నుంచి 72 వేలకు పెరిగారు. కూలీల పిల్లలు శాసనసభలో కూర్చున్నది ఆ అక్షరాల మీదే. ఆ సంతకం కార్డు ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

అదే ఏడు మే నెలలో ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చిందని వార్త వచ్చింది. ఆ రోజు మా బ్యాంకులో ఎవరికీ పని సాగలేదు. ఫిజీదీ అదే చెరకు, అదే గిర్మిట్ (ఒప్పందపు) కూలీల బతుకు. అక్కడికీ మన తెలుగువాళ్లు వెళ్లారు. ఐరోపా మంచి ధరకు చక్కెర కొనే ఒప్పందం దానికీ ఉంది. భారతీయుల మద్దతుతో ప్రభుత్వం వచ్చిన నెలరోజులకే తుపాకులు దిగాయి. ఆ తర్వాత వేలకొద్దీ భారతీయులు దేశం వదిలిపోయారు. కాబట్టి అదృష్టమా అంటే, అదృష్టం రెండు దీవులకూ తగిలింది. 1975 ఒప్పందంలో ఐరోపా మారిషస్ నుంచి ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెరను ప్రపంచ ధర కంటే ఎంతో ఎక్కువకు కొంటానంది. అదీ, బట్టల కోటా, రెండూ అరువు గొడుగులే. బట్టల కోటాలు 2005లో పోయాయి. చక్కెర ధర 36 శాతం కోసి, 2009లో ఆ ఒప్పందాన్నీ ముగించారు. గొడుగు ఉన్నన్నాళ్లు ఇల్లు కప్పుకున్నారు గనకే తట్టుకున్నారు. తట్టుకోలేనివాళ్లూ ఉన్నారు. నా కౌంటరు ముందు నిలబడ్డ అమ్మాయిల్లో ఎందరో నలభై దాటాక పని పోయి ఇంట్లో కూర్చున్నారు.

లోపాలు కూడా రాయి. బానిసల సంతతి అయిన క్రియోల్‌లలో పేదరికం ఇంకా ఉంది. 1999లో కాయా అనే గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోతే దేశం మూడు నాలుగు రోజులు తగలబడింది. 1968 నుంచి ఇప్పటిదాకా ప్రధానులైనవాళ్లు అయిదుగురే. వాళ్లలో నలుగురు రెండు కుటుంబాలవాళ్లు, తండ్రీ కొడుకూ, తండ్రీ కొడుకూ. అయిదో ఆయన పాల్ బెరాంజే. హిందువు కాని ప్రధాని ఆయనొక్కడే. 2024 నవంబరులో నవీన్ రామ్‌గులామ్ కూటమి మళ్లీ 60కి 60 గెలిచింది. వచ్చీ రాగానే 2025 బడ్జెట్లో వృద్ధాప్య పింఛను వయసును 60 నుంచి మెల్లగా 65కు పెంచుతామంటే జనం వీధుల్లోకి వచ్చారు. అప్పు పెరిగింది, పిల్లలు తగ్గారు, ముసలివాళ్లు ఎక్కువయ్యారు. మీడ్‌గారు భయపడింది జనం పెరుగుతారని. ఇప్పటి భయం జనం చాలరని.

ప్రశ్న: షేర్ల వార్తల్లో "మారిషస్ రూటు" అని తరచూ వింటాం. 13 లక్షల జనాభా లేని దేశం మన దేశంలో అంత పెట్టుబడి ఎలా పెట్టగలదు? — ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: అది వాళ్ల డబ్బు కాదండీ. 1982లో ఇండియా, మారిషస్ ఒక పన్ను ఒప్పందం చేసుకున్నాయి. ఒకే ఆదాయం మీద రెండు దేశాలూ పన్ను వేయకూడదన్నది దాని ఉద్దేశం. మారిషస్ కంపెనీ మన షేర్లు అమ్మి లాభం పొందితే ఆ పన్ను వేసే హక్కు మారిషస్‌కే ఉంటుందని అందులో రాసుకున్నారు. మారిషస్‌లో ఆ పన్నే లేదు. పదేళ్లపాటు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1991 తర్వాత మన తలుపులు తెరవగానే అమెరికా, ఐరోపా ఫండ్లు పోర్ట్ లూయిస్‌లో ఒక కంపెనీ బోర్డు తగిలించి అక్కడి నుంచి ఇక్కడ పెట్టుబడి పెట్టాయి. మన వ్యాపారుల్లో కొందరు తమ డబ్బునే అక్కడికి తిప్పి తెచ్చుకుంటున్నారని కూడా ఆరోపణలు గట్టిగా వచ్చాయి. ఒక దశలో మన దేశానికి వచ్చే విదేశీ పెట్టుబడిలో మూడో వంతుకు దగ్గరగా ఆ దీవి పేరు మీదే ఉండేది. దీని మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒప్పందం ఒప్పందమేనని 2003లో తీర్పు వచ్చింది. చివరికి 2016 మేలో ఒప్పందాన్నే మార్చారు. 2017 ఏప్రిల్ 1 తర్వాత కొన్న షేర్ల లాభం మీద ఇప్పుడు మన ప్రభుత్వం పన్ను వేస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, మనం నష్టపోయాం. ముప్ఫై ఏళ్లకు పైగా ఆ కన్నం తెరిచి ఉంచడం సరికాదు. అయితే దాన్ని పూర్తిగా దొంగతనం అనడానికీ నాకు మనసొప్పదు. ఆ ఆదాయంతో ఒక తరం పిల్లలు చార్టర్డ్ అకౌంటెంట్లు, లాయర్లు అయ్యారు. నా కౌంటరు ముందు నిలబడ్డ జోన్ అమ్మాయిల పిల్లలు వాళ్లు. మన దేశం ఇచ్చిన రుణంతో కట్టిన ఎబెన్ సైబర్ సిటీలో ఈరోజు వాళ్లే కూర్చుని పనిచేస్తున్నారు. మూడో గొడుగు మనది.

ప్రశ్న: డియేగో గార్షియా గురించి మా ఓడరేవులో ఎప్పుడూ మాట్లాడుకుంటాం. అది మారిషస్‌దా, బ్రిటన్‌దా, అమెరికాదా? — రిటైర్డు పోర్టు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: అయ్యా, నా మనసుకు బాగా దగ్గరైన ప్రశ్న వేశారు. డియేగో గార్షియా ఛాగోస్ దీవుల్లో పెద్దది. 1965లో, స్వాతంత్ర్యానికి మూడేళ్ల ముందు, బ్రిటన్ ఆ దీవుల్ని మారిషస్ నుంచి విడదీసి తన దగ్గర ఉంచుకుంది. పరిహారంగా 30 లక్షల పౌండ్లు ఇచ్చింది. లండన్ చర్చల్లో రామ్‌గులామ్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే స్వాతంత్ర్యం వచ్చేదా అన్నది అక్కడ ఇప్పటికీ వాదించుకుంటారు. మెడ మీద కత్తి పెట్టి తీసుకున్న సంతకం అది అంటాను నేను.

డియేగో గార్షియాను బ్రిటన్ అమెరికా స్థావరానికి అప్పగించింది. 1968 నుంచి 1973 మధ్య ఛాగోస్ దీవుల్లో తరాలుగా కొబ్బరితోటల్లో బతికిన సుమారు 1,500 మందికి పైగా జనాన్ని ఓడలెక్కించి మారిషస్, సీషెల్స్ రేవుల్లో దింపేశారు. వాళ్లు పెంచుకున్న కుక్కల్ని ముందే చంపేశారు. నా రోజుల్లో పోర్ట్ లూయిస్ రేవు దగ్గరి పేటల్లో రేకుల ఇళ్లలో వాళ్లు ఉండేవారు. ఒక ముసలామె మా బ్యాంకు మెట్ల దగ్గర కొబ్బరి చీపుళ్లు అమ్మేది. ఏ ఊరు అని అడిగితే సముద్రం వైపు చెయ్యి చూపించేది, అంతే.

2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విభజన చట్టబద్ధం కాదని 13 మంది న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా అభిప్రాయం చెప్పింది. అదే ఏడు ఐక్యరాజ్యసమితిలో 116 దేశాలు మారిషస్ పక్షాన నిలబడ్డాయి, మన దేశంతో సహా. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం దీవుల మీద సార్వభౌమాధికారం మారిషస్‌కు దక్కాలి. డియేగో గార్షియా మాత్రం 99 ఏళ్ల లీజు మీద బ్రిటన్, అమెరికాల చేతిలోనే ఉంటుంది. మిగతా దీవుల్లో జనాన్ని మళ్లీ ఉంచుకునే హక్కు మారిషస్‌కు ఉంటుంది, డియేగో గార్షియాలో ఉండదు. అంటే అక్కడ పుట్టినవాళ్లకు తమ ఇంటి గడప తొక్కే దారి ఆ కాగితంలోనూ లేదు. చర్చల్లో తమను కూర్చోబెట్టలేదని ఛాగోస్ వాళ్లలో చాలామంది మండిపడుతున్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే.

ప్రశ్న: మారిషస్ నుంచి ఒక కుటుంబం మాకు మెసేజ్ పెట్టింది. వాళ్ల ముత్తాత ఊరు "కోరంగి" అట, మా ఇంటిపేరే వాళ్లదీ. బంధువులమేమో ఎలా తెలుసుకోవాలి? — గృహిణి, తుని

జవాబు: అమ్మా, కోరంగి ఆయన ఓడెక్కిన రేవు అయుండొచ్చు, ఊరు కాకపోవచ్చు. విశాఖ, గంజాం వైపు వాళ్లను కూడా ఆ పేరుతోనే పిలిచారు. ఇంటిపేరును కూడా పూర్తిగా నమ్మవద్దు. ఓడ గుమాస్తాలు విన్నది విన్నట్టు రాసిన పేర్లు అవి. చాలామందికి తండ్రి పేరో, తాత పేరో ఇంటిపేరైపోయింది.

దిగిన ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చారు. పోర్ట్ లూయిస్‌లో కూలీల్ని దించిన ఆప్రవాసీ ఘాట్‌లో, వాళ్లెక్కిన ఆ 16 మెట్లు దాటాక మొదట జరిగే పని అదే. ఆ రిజిస్టర్లు మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. చాలా పద్దుల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, ఒంటి మీద గుర్తులు, జిల్లా, ఊరు, ఓడ పేరు రాసి ఉంటాయి. 1860ల తర్వాత వచ్చినవాళ్లలో కొందరి ఫొటోలు కూడా దొరుకుతాయి. మీరు ఇక్కడి నుంచి వెతకడం కష్టం. వారసులు గనక వాళ్లనే వెళ్లి అడగమనండి. ముత్తాత పెళ్లి కాగితమో, మరణ ధ్రువపత్రమో ఇంట్లో ఉంటే దాని మీద ఆ నంబరు ఉండొచ్చు. ముందు అది వెతకమని ఈరోజే మెసేజ్ పెట్టండి. ఊరి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో వంకర టింకరగా ఉంటుంది. దాన్ని ఫొటో తీసి నాకు పంపితే, అది తునో, తొండంగో, పాయకరావుపేటో ఇద్దరం కూర్చుని చదువుదాం.